జెండా వీపు

ఆ ఏడు మిరప ఎంత ఎర్రగా పండిందంటే, మార్కెట్ యార్డు మీదుగా ఎగిరిన తెల్లకొంగలు అవతలి చెరువులో గులాబీ రంగులో దిగాయి. నమ్మనివాళ్ళు వెళ్ళి ఆ కొంగల్నే అడగొచ్చు. యార్డులో కాకి ఒకసారి అరిచి రెండుసార్లు తుమ్మేది. అలాంటి సీజన్లో, బస్తాలు గుట్టలుగా దిగే మాఘమాసంలో, ఇస్సాకు కుడి భుజం పట్టేసింది.

పట్టేయడమంటే అలాంటి ఇలాంటి పట్టేయడం కాదు. చెయ్యి చెవి దాకా లేచేది కాదు. అన్నం ముద్ద నోట్లో పడాలంటే నోరే కిందికి దిగి రావాలి. ఇరవై రెండేళ్ళుగా బస్తాలు మోసిన భుజం అది. ఆ ఇరవై రెండేళ్ళ ఎండా అతని ఒంట్లోనే కాపురం పెట్టడంతో మనిషి నిగనిగలాడే నలుపు. అమావాస్యనాడు ఇస్సాకు గళ్ళ లుంగీ ఒక్కటే నడిచి వస్తున్నట్టుండేదని ముఠావాళ్ళు చెప్పుకునేవారు.

నొప్పి వచ్చిందని ఎవరికీ చెప్పకుండా ఉంటే బాగుండేది. కానీ బస్తా ఎత్తబోయి "అబ్బా" అన్నాడు. ఆ అబ్బాను ఆఫీసు విన్నది. కొత్తగా వచ్చిన నిబంధన ప్రకారం నొప్పి ఉన్న హమాలీ తన ఇత్తడి బిళ్ళను ఆఫీసులో అప్పజెప్పాలి. నయమైనట్టు కాగితం తెచ్చి చూపిస్తేనే బిళ్ళ తిరిగిస్తారు. బిళ్ళ లేనివాడు యార్డులో బరువు ముట్టకూడదు. ముట్టాడా, ఇక ఈ జన్మకు బిళ్ళ ఉండదని ముఠాలో గట్టి నమ్మకం. ఆ నిబంధన ఎవరూ చదవలేదు గానీ అందరూ భయపడ్డారు.

మిరప సీజను పది వారాలు. ఆ పది వారాల మోతే ఇస్సాకు ఇంటికి ఏడాది తిండి. అతని భార్య సారమ్మ తొడిమలు తీసే పనికి పోతుంది గానీ, తొడిమలతో ఇల్లు నిలబడదు. బిళ్ళ సొరుగులో పడిన రోజున ఆమె ఒక్క మాట అన్నది.

"అబ్బా అనేది ఇంటికొచ్చి అనొచ్చుగా. నేనినేదాన్ని."

అయితే యార్డులో వైద్యం కూడా ఉంది. పైస్థాయి పెద్దమనిషి ఒకాయన ఏదో సదస్సులో మెడ పట్టేస్తే, స్టీలు పలకతో గీరి నయం చేశారట. ఆయన మెడ తిరగ్గానే రాష్ట్రం కూడా ఆ వైపు తిరిగింది. నెల తిరక్కుండా ప్రతి యార్డుకూ మఖమలు పెట్టెలో ఐదేసి వంపు పలకలు దిగాయి. గోడౌను పక్క గదికి "పరికర సహాయక మృదు కణజాల చికిత్సా విభాగము" అని బోర్డు పెట్టారు. బోర్డు గదికంటే పొడుగైంది. హమాలీలు మాత్రం దాన్ని గీరుడు గది అన్నారు. పలకల్ని అట్లకాడలన్నారు.

ఆ గదిలో పనిచేసే పిల్ల నీలవేణి. ఫిజియోథెరపీ చదివి వచ్చింది. పని తెలిసిన మనిషి. ఇస్సాకును బోర్లా పడుకోబెట్టి, భుజానికి క్రీము రాసి, పలక చేతిలోకి తీసుకుంది.

"ఏందమ్మా, నన్ను అట్టులాగా తిరగేత్తావా?"

"కదలకు అన్నా. లోపల కండ పోగులు ఒకదానికొకటి అతుక్కున్నాయి. మెల్లగా గీరితే విడిపోతాయి."

"చేత్తో పిసికితే పోయేదానికి ఇనుమెందుకు?"

"కుట్టిన గోతం మీద గోరు పెట్టి లాగితే ముడి ఎక్కడుందో తెలియదూ? నా వేలికి అందని ముడి ఈ అంచుకు తెలుస్తుంది. అంతే."

పలక జారుతూ జారుతూ ఒకచోట గరగరమంది. అక్కడే ఆగి, ముగ్గుకర్ర గీసినంత ఒడుపుగా అటూ ఇటూ నడిపింది. తరవాత గోడ పక్కన నిలబెట్టి, గోడమీద వేళ్ళతో పాకుతూ చెయ్యి ఎలా పైకి ఎక్కించాలో నేర్పింది. ఇంట్లో పొద్దునా సాయంత్రం చెయ్యమంది. నాలుగోసారి వచ్చినప్పుడు ఇస్సాకు చెయ్యి ఎత్తితే ఫ్యాను రెక్క వేలికి తగలబోయింది. నీలవేణి నవ్వి, కాగితం మీద "నయమైనది, బరువు ఎత్తవచ్చును" అని రాసి సంతకం పెట్టింది.

కథ ఇక్కడితో అయిపోవాలి. రోగం వచ్చింది, మందు పడింది, పోయింది. కానీ కాగితం కార్యదర్శి దగ్గరికి పోవాలి కదా.

యార్డు కార్యదర్శి చిదంబరరావు. కార్యదర్శి కాకముందు ముప్పై ఏళ్ళు మిరపకాయ రంగు చూసి గ్రేడు కట్టినవాడు. మనవడు పుట్టినప్పుడు ఎత్తుకుని, ముందు తేమ శాతం ఎక్కువైందన్నాడట. కాగితాన్ని అటు తిప్పి ఇటు తిప్పి చూశాడు.

"నయమైందని ఎవరు చెప్పారు?"

"డాక్టరమ్మ చెప్పింది సారూ."

"ఆమెకు ఎవరు చెప్పారు?"

"నేనే చెప్పా. నొప్పి పోయిందని."

"అంటే సరుకు తనను తాను మెచ్చుకుంది. అంతేగా? రైతు నా కాయ బంగారం అంటాడు. నేను నమ్ముతానా? రుజువు కావాలి. కంటికి కనబడేది."

నీలవేణికి పిలుపు వెళ్ళింది. ఆమె వచ్చి నిలబడింది.

"అమ్మా, సదరు చికిత్స జరిగినట్టు సదరు శరీరం మీద ఏదైనా గుర్తు మిగులుతుందా?"

"ఒక్కోసారి కొంచెం ఎర్రబడుతుంది సార్. అందరికీ కాదు. ఎర్రబడటానికీ నయం కావడానికీ సంబంధం లేదు."

'ఎర్ర' అన్న మాట తరవాత చిదంబరరావుకు ఏమీ వినబడలేదు. ముప్పై ఏళ్ళ అనుభవం ఒక్కసారిగా ఆయన ముఖంలోకి పొంగింది. ఆ మధ్యాహ్నమే ఉత్తర్వు టైపయింది.

"విషయము: చికిత్స పొందిన వీపుల గ్రేడింగు గురించి. పై విషయమై తెలియజేయునది ఏమనగా, చికిత్సానంతరము సదరు వీపు యొక్క ఎరుపు ప్రకాశమానముగా నున్నచో మేలు రకముగాను, ఒక మోస్తరుగా నున్నచో మధ్య రకముగాను, కానరానిచో తాలుగాను పరిగణించవలెను. తాలు వీపులకు బిళ్ళలు జారీ చేయరాదు."

తాలంటే రంగు చచ్చిన కాయ. ఏరి పక్కన పారపోసే సరుకు.

మర్నాడు పొద్దున్నే తొమ్మిదింటికి ఇస్సాకును చొక్కా విప్పించి ప్లాట్‌ఫారం మీద నిలబెట్టారు. మిరపకాయ రంగు చూడటానికి అది సరైన వెలుతురు. చిదంబరరావు కళ్ళద్దాలు తుడుచుకుని, చేతిలో రంగుల అట్ట పట్టుకుని, వీపు పక్కన పెట్టి చూశాడు. దూరం నుంచి చూశాడు. వంగి చూశాడు. అలవాటు చొప్పున ఒకసారి వాసన కూడా చూశాడు.

ముఠా మేస్త్రి కాసిం పక్కనే ఉన్నాడు. పెద్ద మనిషి. నలభై మంది ముఠాలో అందరూ ఆయన్ని బాబాయ్ అంటారు.

"సారూ, చెయ్యి లేపమనండి. లేస్తదో లేదో చూస్తే పోలా?"

ఇస్సాకు చెయ్యి నిటారుగా లేపాడు.

"దించు. గ్రేడింగు జరిగేటప్పుడు సరుకు కదలకూడదు. చెయ్యి లేపడం అనేది ఈ రంగుల అట్టలో లేదు."

"సార్, ఆయన ఒంటి రంగు మీద ఎరుపు ఎలా కనబడుతుంది?" అంది నీలవేణి.

చిదంబరరావు నొచ్చుకున్నాడు. "అమ్మా, ఈ యార్డులో కులం చూడం, మతం చూడం, నలుపా తెలుపా అసలే చూడం. ఎరుపు ఒక్కటే చూస్తాం."

అని పుస్తకంలో రాశాడు: తాలు.

"తెల్లబడ్డదాన్ని గదా సారూ తాలంటారు. నేను నల్లోణ్ణి," అన్నాడు ఇస్సాకు.

"ఎరుపు కానిదంతా తాలే. అమ్మా, ఎరుపు వచ్చేదాకా ఇతన్ని గీరండి."

"ఇంకా గీరితే వచ్చిన నయం పోతుంది సార్. నేను గీరను."

"అయితే చికిత్స అసంపూర్ణమని రాసుకుంటాను."

ఆ వారం ఇస్సాకు చెయ్యని ప్రయత్నం లేదు. ఎవరో చెప్పారని వీపుకు మిరప్పొడి పట్టించుకున్నాడు. ఒళ్ళంతా నిప్పులు పోసినట్టు మండింది. రెండు కుండల నీళ్ళు పోసినా చల్లారలేదు. ఎరుపు మాత్రం ఎటుపోయిందో ఆ దేవుడికే తెలియాలి. సారమ్మ వీపు కడుగుతూ, "కూరలోకి లేదని నేనేడుత్తంటే నువ్వు వీపుకు పూత్తన్నావా," అన్నది. తరవాత ఇద్దరూ నవ్వారు గానీ ఆ నవ్వు ఎక్కువసేపు నిలవలేదు. పది వారాల్లో మూడు పోయాయి.

ఈలోపు చిదంబరరావుకు ఇంకో ఆలోచన వచ్చింది. ఆ యార్డులో రోజూ జెండా పాట అని ఒక ఆచారం. పొద్దున్నే వచ్చిన సరుకులో మేలైన రాశి మీద జెండా గుచ్చి ముందు దాన్ని వేలం పాడతారు. మిగతా రాశులన్నీ దానికి ఎంత తక్కువో చూసి ధర కడతారు. వీపులకూ అలాంటి జెండా ఉండాలి కదా. లేకపోతే మేలు రకమంటే ఏమిటో జనానికి ఎలా తెలుస్తుంది?

తూకాల గుమాస్తా వామనమూర్తి ఆ లోటు తీర్చాడు. దబ్బపండు ఛాయ. దోమ వాలి లేస్తే రెండు రోజులు మచ్చ ఉండేది. ఇస్త్రీ గట్టిగా పడితే చొక్కా మడత వీపు మీద అచ్చుపడేది. నీలవేణి పలక ఆయన వీపుకు ఆనించిందో లేదో, వీపు తేజ రకం మిరపకాయలా ఎర్రబడింది.

"నాకు నొప్పి లేదు సార్," అన్నాడు వామనమూర్తి.

"నొప్పి లేకపోవడమే కదయ్యా ఫలితం. ఇంకేం కావాలి?" అన్నాడు చిదంబరరావు.

వీపు ఫొటో తీసి పైకి పంపారు. పైనుంచి ప్రశంసాపత్రం వచ్చింది. వామనమూర్తికి ఎండ తగలకుండా గొడుగు మంజూరైంది. కుర్చీకి ఆనుకుని కూర్చుంటే రంగు చెదురుతుందని స్టూలు వేశారు. రోజూ తొమ్మిదింటికి ఆయన చొక్కా విప్పి ప్లాట్‌ఫారం మీద అటు తిరిగి నిలబడితే, పక్కన జెండా పాతేవారు. జెండా వీపు వచ్చిందంటే రైతులు కూడా లేచి నిలబడేవారు, ఎందుకో తెలియకపోయినా. ఒక రైతు ఆ వీపుకు ధర కూడా అడిగాడు.

ప్రశంసాపత్రంతో పాటు లక్ష్యం కూడా వచ్చింది. నొప్పి వచ్చినవాళ్ళకే ఎందుకు, నొప్పి రాబోయేవాళ్ళకు కూడా చికిత్స చేసి గ్రేడు కట్టాలి. దాంతో ముఠాకు ముఠా ప్లాట్‌ఫారం ఎక్కింది. ఎండలో పుట్టి ఎండలో పెరిగిన నలభై వీపులను జెండా వీపు పక్కన పెట్టి చూశారు. నలభైకి నలభై తాలు. నలభై బిళ్ళలూ చిదంబరరావు సొరుగులోకి చేరాయి. కాసిం మేస్త్రి తన బిళ్ళ విప్పి ఇస్తూ, "నలభై ఏళ్ళు మోసినాక తెలిసింది సారూ, నా దగ్గర వీపే లేదని," అన్నాడు.

ఇక చెప్పేదేముంది. బస్తాలు దిగుతున్నాయి గానీ ఎత్తేవాడు లేడు. గుట్టలు ఎంత పెరిగాయంటే ఆఫీసు ప్యూను టిఫిను తేవడానికి పొద్దున బస్తాలెక్కితే మధ్యాహ్నం భోజనానికి అవతల దిగేవాడు. లారీలు రోడ్డు మీద బారులు తీరాయి. రైతులు కేకలు వేశారు. ఆ కేకలు పైదాకా వెళ్ళి, పైనుంచి మార్కెటింగు సంచాలకులవారు స్వయంగా జీపు దిగారు. బస్తాల గుట్టను కొండను చూసినట్టు తల ఎత్తి చూశారు.

"ఎత్తేవాళ్ళు లేరా?"

"లేకేం సార్. యార్డులో అత్యుత్తమ భుజం ఒకటి ఉంది," అని చిదంబరరావు వామనమూర్తిని ముందుకు నెట్టాడు. సొరుగులోంచి తీసిన బిళ్ళ ఒకటి అప్పుడే ఆయన చొక్కాకు గుచ్చాడు.

"సార్, నేను గుమాస్తాని."

"నువ్వు గుమాస్తావే. నీ వీపు మాత్రం మేలు రకం. గ్రేడు కింద నా సంతకం ఉంది."

ఇద్దరు రైతులు పట్టి బస్తా ఆయన వీపు మీద పెట్టారు. జెండా వీపు ఒక్క అడుగు వేసింది. రెండో అడుగు కోసం కాలు ఎత్తింది గానీ ఎక్కడ పెట్టాలో తెలియలేదు. వామనమూర్తి బస్తా కింద బోర్లా పడ్డాడు. నడుము దగ్గర ఏదో పట్టేసి, ఊపిరి తీస్తే మూలుగు వస్తోంది.

చిదంబరరావు వంగి చెవిలో చెప్పాడు. "లే మూర్తీ. నీకు నొప్పి ఉండటానికి వీల్లేదు. రికార్డు ఒప్పుకోదు."

వామనమూర్తి లేవలేదు. "ఎవరైనా ఎత్తండయ్యా, గదికి తీసుకురండి," అని నీలవేణి పరుగున వచ్చింది. నలభై మంది హమాలీలు చేతులు కట్టుకుని చూస్తున్నారు. ఎత్తగలిగినవాళ్ళెవరికీ బిళ్ళ లేదు. బిళ్ళ ఉన్నవాడు బస్తా కింద ఉన్నాడు.

ఇస్సాకు కాసిం వైపు చూశాడు.

"బాబాయ్, ఎత్తితే బిళ్ళ పోద్దంటావా?"

"పోద్దిరా. జన్మకు రాదు."

ఇస్సాకు గుంపులో సారమ్మను చూశాడు. తొడిమల చేట పక్కన పెట్టి నిలబడి ఉంది. నేల మీద మనిషి మళ్ళీ మూలిగాడు. ఇస్సాకు వెళ్ళి బస్తాను పక్కకు దొర్లించి, వామనమూర్తిని పసిపిల్లాణ్ణి ఎత్తినట్టు ఎత్తి కుడి భుజాన వేసుకున్నాడు. బస్తాల సందులోంచి అరవై అడుగులు నడిచి, నాలుగు మెట్లెక్కి, గీరుడు గదిలో బల్లమీద పడుకోబెట్టాడు. మనిషికి ఎక్కడా కుదుపు తగల్లేదు. నీలవేణి పలకల పెట్టె మూసి పక్కన పెట్టింది. "ఇప్పుడు ఈ నడుము మీద ఇనుము పెట్టకూడదు. కదలకుండా పడుకుని ఉండాలి," అని చెప్పి తలగడ సర్దింది.

బయట సంచాలకులవారు అడిగారు. "ఎవరతను?"

"తాలు సార్," అన్నాడు చిదంబరరావు.

"బిళ్ళ ఉందా?"

"లేదు సార్."

"నా కళ్ళ ముందే బిళ్ళ లేకుండా బరువు ఎత్తాడన్నమాట. ఇది క్షమించరాని విషయం. నిబంధనల పుస్తకం తెండి."

పుస్తకం వచ్చింది. అందులో అంతవరకూ ఎవరూ తెరవని పేజీలో ఉందా నిబంధన. సంచాలకులవారు పైకి చదివారు. "బిళ్ళ లేకుండా బరువు ఎత్తిన హమాలీ యొక్క బిళ్ళను ఒక దినము పాటు నిలుపుదల చేయవలెను."

"చిత్తం సార్. నిలుపుతాను," అని చిదంబరరావు ఆగాడు. "కానీ సార్, నిలపడానికి అతని దగ్గర బిళ్ళ లేదు కదా."

సంచాలకులవారు కళ్ళజోడు పైనుంచి చూశారు. "లేనిదాన్ని ఎలా నిలుపుతారండీ? శిక్ష అమలు కావాలంటే ముందు బిళ్ళ ఇవ్వాలి. ఇచ్చి, ఒక రోజు నిలపండి. రేపు పది గంటలకు శిక్ష పూర్తవుతుంది. ఆ తరవాత ఆయన పని ఆయన చేసుకుంటాడు. క్రమశిక్షణ విషయంలో మెతకతనం పనికిరాదు." అని, బస్తాలన్నీ రెండు రోజుల్లో కదలాలని హెచ్చరించి జీపెక్కారు.

సొరుగులోంచి ఇస్సాకు బిళ్ళ బయటికి వచ్చింది. అరచేతిలో పెట్టి, మర్నాడు పదింటిదాకా గుచ్చుకోకూడదని చెప్పి, శిక్ష కాగితం మీద వేలిముద్ర వేయించుకున్నారు. ఇస్సాకు జీవితంలో ఇంత ఆనందంగా ఏ శిక్షా అనుభవించలేదు. కాసిం మేస్త్రి ప్రతి మాటా విన్నాడు. గడ్డం నిమురుకుంటూ ఇంటికి వెళ్ళాడు.

మర్నాడు ఎనిమిదింటికల్లా ముప్పై తొమ్మిది మంది ఆఫీసు ముందు నిలబడ్డారు.

"ఏమిటయ్యా ఇది?" అన్నాడు చిదంబరరావు.

"మేమూ తప్పు చేద్దామని వచ్చాం సారూ," అన్నాడు కాసిం. "రాసుకోండి."

ముప్పై తొమ్మిది శిక్షలు పైకి వెళ్ళాయంటే గ్రేడింగు సంగతి ఏమవుతుందో చిదంబరరావుకు అర్థమైంది. కుర్చీ తిప్పుకుని గోడ వైపు కూర్చున్నాడు. "నేను చూడటం లేదు. కంటికి కనబడనిది రికార్డుకెక్కదు."

"చూడబళ్ళేదు సారూ. తెలిసిద్ది," అని కాసిం వెనక్కి తిరిగి చెయ్యి ఊపాడు. నలుగురు లోపలికి వచ్చి కుర్చీ నాలుగు కాళ్ళూ పట్టి, చిదంబరరావుతో సహా భుజాల కెత్తారు.

"దించండి. దించండయ్యా."

"లెగమాకండి సారూ. మీరు లెగిస్తే మా కేసు చెడుద్ది."

కుర్చీ గుమ్మం దాటి ప్లాట్‌ఫారం మీదికి వచ్చింది. పైనున్నాయన కాసేపు కొట్టుకున్నాడు. తరవాత కిందికి చూస్తే నేల చాలా దూరంగా ఉంది. పట్టుకోవడానికి ఏదో ఒకటి కావాలి కాబట్టి కలం పట్టుకున్నాడు. కలం చేతిలో ఉన్నాక ఆయనకు రాయకుండా ఉండటం తెలియదు. కాసిం కాగితాల కట్ట అందించాడు. గోడౌను చుట్టూ ఒక చుట్టు తిరిగితే నాలుగు శిక్షలు. తరవాత నలుగురు మారేవారు. లారీ డ్రైవర్లు హారన్లు ఆపి చూశారు. రైతులు మళ్ళీ లేచి నిలబడ్డారు.

తొమ్మిది చుట్లలో ముప్పై ఆరు మంది అయ్యారు. మిగిలింది ముగ్గురు. కుర్చీకి నాలుగు కాళ్ళు. ఆఫీసు గోడ గడియారం పది కొట్టింది. ఇస్సాకు బస్తామీంచి లేచి, బిళ్ళ గుచ్చుకుని, కుడివైపు ముందు కాలు కింద భుజం పెట్టాడు. ఆ యార్డులో ఆ క్షణాన ఆ కుర్చీని మోసే హక్కున్నవాడు అతనొక్కడే.

సగం చుట్టు తిరిగేసరికి పైనుంచి మాట వినబడింది. "ఆగండయ్యా. ఇందాకటిదాకా అక్షరాలు కొక్కిరిబిక్కిరిగా పడ్డాయి. ఇప్పుడు గీత గీసినట్టు పడుతున్నాయి. ఆ కుడివైపు ముందు భుజం ఎవరిది?"

"తాలుదండీ," అన్నాడు ఇస్సాకు.